కిరణము కోసిన లతలు

ధర్మపురి జిల్లాలోని ఇండూరు వంటి ఊళ్లలో పూజగది తలుపునకు జాలీగా, పూర్వము వడ్రంగి ఉలితో దినములకొలది చెక్కెడి లతలను నేడు లేజరు యంత్రము స్వల్పకాలమున కోసి యీయగలదు. 1964లో బెల్ ప్రయోగశాలయందు, ఇట్లు కొయ్యను కోయు కార్బన్ డయాక్సైడు లేజరును సాధించినవాడు మన బారామతిలో జన్మించిన కుమార్ పటేల్ అని తలచినప్పుడెల్ల నా హృదయము పొంగును.

అయినను, కోత యంత్రముది, రూపము మనుష్యునిది. చుట్టును తెగిన తునుక రాలిపోవును గనుక, ప్రతి పూవును, ప్రతి ఆకును ఎక్కడనో యొకచోట తీగెతో కలిపి యుంచవలెను. ఆ కలయిక సన్నగిలినచో విరుగును, బలిసినచో కంటికి మోటగును. లోపలి రంధ్రములను ముందుగా కోసి వెలుపలి అంచును చివర విడిపించుటయు నొక నేర్పే. అంచు ముందే తెగినచో పలక కదలి చిత్రము చెడును.

పలకపై కాగితపు టేపు అతికించి కోసినచో పొగమరక తగ్గును. అంచుల మసిని మాత్రము సన్నని గరుకుకాగితముతో, మూలమూలకును వ్రేలు పోనిచ్చి, ఓర్పుతో తీయవలెను, పాలిషు అటుపిమ్మటనే. లేతకొయ్యపై ఆ నల్లని అంచును కాటుకరేఖవలె నిలుపుకొనువారును గలరు. అదియు నాకు సమ్మతమే.

జాలీ చేయించుకొనువారలారా, బేరమునకు ముందు అంచుపై వ్రేలు రాచి చూడుడు. పని నునుపుగా నున్నచో అడిగిన కూలి సంతోషముతో నీయుడు.