ఆర్జన నాణ్యత, పారదర్శకత: సత్యం కంప్యూటర్స్ లేఖ – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం:

కంపెనీ ఆర్థిక నివేదికలో కనిపించే లాభం, సంస్థ తన గురించి తాను చేసుకునే ప్రకటన. ఆ లాభం నిజమైన వ్యాపారం నుంచి వచ్చి, నగదుగా చేతికందుతున్నదా అన్న ప్రశ్ననే వాణిజ్యశాస్త్రం ఆర్జన నాణ్యత అనే పేరుతో చర్చిస్తుంది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ఛైర్మన్ బి. రామలింగరాజు 2009 జనవరి 7న సంస్థ బోర్డుకు రాసిన లేఖ, ఈ నాణ్యతను నిర్ణయించే సాధారణ పరీక్షకు ఉన్న పరిమితిని బయటపెట్టింది.

ఒకే అంకె – మూడు స్థానాలు:

2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికానికి సంస్థ 2,700 కోట్ల రూపాయల ఆదాయాన్ని, 649 కోట్ల నిర్వహణ లాభాన్ని చూపింది. అసలు ఆదాయం 2,112 కోట్లు, అసలు లాభం 61 కోట్లు అని లేఖ ఒప్పుకొంది. 24 శాతంగా చూపిన లాభాల రేటు నిజానికి 3 శాతమే. ఈ రెండు చోట్లా తేడా 588 కోట్లు. జరగని అమ్మకానికి ఖర్చు ఉండదు కనుక కల్పిత ఆదాయం మొత్తం లాభంగా మారింది. జంట పద్దు విధానంలో ఆ లాభానికి దీటుగా ఏదో ఒక ఆస్తి కనిపించాలి. అందుకే ఆ త్రైమాసికంలో నగదు, బ్యాంకు నిల్వలు కూడా కృత్రిమంగా 588 కోట్లు పెరిగాయి.

లాభం పెరుగుతున్నా నగదు రాకపోతే, రావలసిన బాకీలు పేరుకుపోతే అనుమానించాలన్నది విశ్లేషకులు పాటించే సూత్రం. ఇక్కడ కల్పన ప్రధానంగా నగదులోనే దాగింది. సెప్టెంబరు 30 నాటి ఆస్తి అప్పుల పట్టీలోని 5,361 కోట్ల నిల్వల్లో 5,040 కోట్లు లేనివే; బాకీలలో ఎక్కువగా చూపినది 490 కోట్లు. రావలసిన వడ్డీగా చూపిన 376 కోట్లూ లేనివే. లాభాన్ని నగదుతో సరిచూసిన పాఠకుడికి అన్నీ సక్రమంగానే కనిపిస్తాయి. బ్యాంకు నిల్వల ధ్రువీకరణ లేఖలను పంపడం, అందుకోవడం అనే పనులను ఆడిటర్లు సత్యం యాజమాన్యానికే వదిలేశారని అమెరికా సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2011లో పేర్కొంది.

లేఖలోని కథనస్వరం:

అసలు లాభానికీ పుస్తకాల్లోని లాభానికీ మధ్య మొదట స్వల్పంగా ఉన్న అంతరం ఏళ్ల తరబడి పెరిగిందని లేఖ వివరిస్తుంది. ఈ కథనంలో కర్త అంతరమే. అది తనంతట తాను పెరిగినట్లు ధ్వనిస్తుంది. దిగే దారి తెలియని పులిస్వారీతో చేసిన పోలిక కూడా రాసిన వ్యక్తిని బాధితుడిగా నిలుపుతుంది. చట్టానికి లోబడతానని చివర చెప్పినా, ఏ పద్దు ఎవరు రాశారో లేఖ చెప్పదు. తాను సంస్థ నుంచి ఒక్క రూపాయి కూడా తీసుకోలేదని అందులో పేర్కొన్న రాజును, మరో తొమ్మిది మందిని 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం దోషులుగా నిర్ధారించింది. ఆ తీర్పుపై అప్పీళ్లు దాఖలయ్యాయి. నేరాంగీకార పత్రాన్ని కూడా, నివేదికలాగే, బయటి సాక్ష్యంతో పోల్చి చదవవలసిందే.

ముగింపు:

ఇదే సంస్థ 2008లో కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ పురస్కారం పొందింది. లేఖ వెలువడ్డాక ఆ పురస్కారాన్ని వెనక్కి తీసుకున్నారు. ఎక్కువ వివరాలు వెల్లడించడమే పారదర్శకత అనుకోవడంలోని లోపం ఇందులో స్పష్టమవుతుంది. ఒకే మాతృక నుంచి ఎత్తిరాసిన తాళపత్ర ప్రతులు ఎన్ని దొరికినా పాఠపరిష్కర్త వాటిని ఒకే సాక్ష్యంగా లెక్కిస్తాడు. ఆదాయం, లాభం, నగదు అనే మూడు చోట్ల కనిపించిన 588 కోట్లు అలాంటి ప్రతులే. పద్దుల పొందిక రాసినవారి నేర్పును మాత్రమే తెలుపుతుంది. రాసినవారి చేతికి అందని చోటు నుంచి, అంటే నేరుగా బ్యాంకు నుంచో ఖాతాదారు నుంచో వచ్చిన ధ్రువీకరణతో సరిపోలినప్పుడే లాభానికి నాణ్యత, నివేదికకు పారదర్శకత సిద్ధిస్తాయి.