‘చేయను’ వెనుక ‘చేయలేను’: ‘తారే జమీన్ పర్’పై ఒక విమర్శ

చెప్పిన పని చేయని పిల్లవాణ్ణి మనం మొండివాడంటాం. ఆ మాట అనేశాక కారణం వెతకడం మానేస్తాం. 2007లో ఆమిర్ ఖాన్ దర్శకత్వంలో వచ్చిన హిందీ చిత్రం ‘తారే జమీన్ పర్’ ఈ అలవాటునే ప్రశ్నించింది. మీలో చాలామంది ఈ చిత్రం చూసే ఉంటారు. ఇక్కడ దాన్ని తల్లిదండ్రుల వైపు నుంచి పరిశీలిద్దాం.

1. చిత్రం సాధించినది

ఇషాన్ అవస్థీకి డిస్లెక్సియా ఉంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. తరగతిలో చదవమంటే అక్షరాలు నాట్యం చేస్తున్నాయంటాడు. టీచరు దాన్ని పొగరుగా భావించి బయటికి పంపుతుంది. తండ్రి దృష్టిలో అది సోమరితనం. అందుకే బోర్డింగ్ స్కూలులో చేరుస్తాడు.

అక్కడి డ్రాయింగు మాస్టారు నికుంభ్ ఒకరోజు ఇషాన్ ఇంటికి వస్తాడు. జపనీసు అక్షరాలున్న ఒక ఆటబొమ్మ పెట్టెను తండ్రికిచ్చి చదవమంటాడు. తండ్రి చదవలేనంటే, కావాలనే మొండికేస్తున్నారని గద్దిస్తాడు. గంటసేపు ఉపన్యాసమిచ్చినా రాని ఎరుక ఆ ఒక్క క్షణంలో వస్తుంది. ‘రాదు’ అని ఒప్పుకోవడం కంటే ‘చేయను’ అనడం పిల్లవాడికి తక్కువ అవమానమని మనకు అర్థమవుతుంది.

2. చిత్రం వదిలేసినది

అయితే కథ నడిచిన దారిని గమనించండి. కారణం దొరికింది, బోధన మారింది, బాలుడు చదివాడు, చిత్రలేఖన పోటీలో గెలిచాడు. మరి ఇషాన్‌కు బొమ్మలు వేయడం రాకపోతే? బహుమతి రాని పిల్లవాణ్ణి కూడా అంతే ఆదరంతో చూడగలమా అన్న ప్రశ్నను చిత్రం దాటవేసింది.

రెండో విషయం మరింత ముఖ్యం. నిరాకరణ అంతా బోధనతో తీరేది కాదు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో పనిచేసిన మనస్తత్వవేత్త ఎలిజబెత్ న్యూసన్ 1980లలో కొందరు పిల్లలను గమనించి, వారి తీరుకు ‘పాథలాజికల్ డిమాండ్ అవాయిడెన్స్’ అని పేరు పెట్టారు. ఈ పిల్లలకు పని రాక కాదు. ‘చెయ్యి’ అన్న ఒత్తిడే భరించరానిది. తమకిష్టమైన పనిని సైతం కొన్నిసార్లు వదిలేస్తారు. దీన్ని ఆటిజంలో ఒక తీరుగా చూడాలా, వేరుగా చూడాలా అన్న చర్చ ఇంకా సాగుతోంది, డి.ఎస్.ఎం.-5లో ఇది ప్రత్యేక నిర్ధారణగా లేదు. పేరు మీద చర్చ ఉన్నంత మాత్రాన ఆ ఇళ్లలోని కష్టం అబద్ధమైపోదు.

3. తల్లిదండ్రుల ధైర్యం

ఇషాన్‌లో మార్పంతా ఇంటికి దూరంగా, ఒక మాస్టారి చేతుల మీదుగా వచ్చింది. తల్లిదండ్రులు చివర్లో కళ్లు తుడుచుకుంటారు. చిత్రం వారిని సిగ్గుపడేలా చేసింది కాని వారికి దారి చూపలేదు.

నిజ జీవితంలో మాత్రం రోజూ పొద్దున్నే పళ్లు తోమించాల్సింది తల్లే. “తోముకో” అనకుండా తన బ్రష్ తీసుకుని పక్కన నిలబడుతుంది. చొక్కా విషయంలో పట్టు వదులుతుంది. రోడ్డు దాటేటప్పుడు చేయి పట్టుకోవడం విషయంలో మాత్రం వదలదు. అత్తగారు “గారాబం చేస్తున్నావు” అన్నా, తాను ఏది ఎందుకు వదిలిందో ఆమెకు తెలుసు. ఇషాన్ తండ్రికి ఉన్నది తన మాట నెగ్గాలన్న పట్టుదల. ఈమెకు ఉన్నది ధైర్యం. ఈ రెండింటి తేడాను మీరు గుర్తించాలి.

సారాంశం

‘తారే జమీన్ పర్’ మొండితనం అన్న ముద్రను చెరిపింది. ఆ తరువాత ఇంట్లో ఎలా బతకాలన్నది చెప్పలేదు. దాని గొప్పతనాన్నీ పరిమితినీ కలిపి చూడటమే సరైన విమర్శ.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. జపనీసు అక్షరాల సన్నివేశం తండ్రి నమ్మకాన్ని ఎలా దెబ్బతీసింది?
2. ఇషాన్ పోటీలో ఓడిపోయి ఉంటే చిత్రం సందేశం నిలిచేదా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.