తప్పులు దాచని పేజీలు

పలు డిస్కులను ఒకటిగా నడిపే రైడ్ కంట్రోలర్‌కి డ్రైవర్ రాసినవాణ్ణి నలుగురూ మెచ్చుకుంటారు. దానికి మాన్ పేజీ, అంటే వాడుక వివరాల పేజీ, రాసినవాళ్ల ఊసు ఎవరూ ఎత్తరు. నిజానికి రెండో పనే కష్టం. ఆ పేజీని ఎవరూ తీరిగ్గా కూర్చుని చదవరు. డిస్కు పోయి, కంట్రోలర్ అలారం కీచుమని మోగుతుంటే, అర్ధరాత్రి సర్వర్ గదిలో నిలబడి చదువుతారు. ఒక్క వాక్యం అటూ ఇటూ అయిందంటే చదివేవాడు చెడిన డిస్కును వదిలేసి బాగున్నదాన్ని లాగేస్తాడు. రైడ్ 5లో రెండో డిస్కు కూడా పోతే ఇక డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఈ విద్యలో యూనిక్స్ వంశానికి చెందిన బీఎస్‌డీ వాళ్లకు సాటి లేదు. లినక్స్ అభిమానులు నొచ్చుకున్నా సరే, ఈ మాట అనక తప్పదు.

పరంపర పాతదే. 1971 నవంబరులో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ వెలువరించిన మొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే నాలుగో విభాగం పరికరాలది. డిస్కులకు అప్పుడే విడి పేజీలున్నాయి, చివర 'బగ్స్' అన్న శీర్షికా ఉంది. 1988లో బర్క్‌లీ నుంచి ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రైడ్ పత్రం తెచ్చారు. దాదాపు ఆ రోజుల్లోనే, బీఎస్‌డీ పుట్టిన అదే బర్క్‌లీలో, సింథియా లివింగ్‌స్టన్ మాన్ పేజీలు రాయడానికి 'ఎండాక్' మాక్రోలు తయారుచేసింది.

ఆమె చేసిన మేలు ఇంతా అంతా కాదు. అంతకు ముందు రాసేవాళ్లు ఈ మాట లావుగా ఉండాలి, ఆ మాట వాలుగా ఉండాలి అని మాత్రమే గుర్తు పెట్టేవాళ్లు. ఎండాక్‌లో ఇది ఫైలు దారి, ఇది ఆప్షన్, ఇది కెర్నెల్ కాన్ఫిగరేషన్ వరుస అంటూ అర్థానికే గుర్తు పెడతారు. 2008లో క్రిస్టాప్స్ జోన్సన్స్ మొదలుపెట్టి, ఇంగో ష్వార్జే ఏళ్ల తరబడి సానపట్టిన 'మాన్‌డాక్' పనిముట్టు ఆ గుర్తుల ఆధారంగానే వెతికిపెడుతుంది. కాన్ఫిగరేషన్ వరుసల్లో మాత్రమే ఫలానా మాట వెతకమంటే, వెతుకుతుంది!

మంచి డ్రైవర్ పేజీకి ఒక నడక ఉంటుంది. పేరు, ఒక్క వరుసలో పరిచయం. తర్వాత కెర్నెల్‌కి ఏ వరుస చేర్చాలో. ఆపైన ఏ కార్డులు పనిచేస్తాయో, ఒక్కొక్కటీ మోడల్ పేరుతో. కెర్నెల్ విసిరే సందేశాలకు అర్థాలు. చివరికి చరిత్ర, రాసినవాళ్ల పేర్లు, లోపాలు.

ఫ్రీబీఎస్‌డీలో మెగారైడ్ కార్డులకు 'ఎంఆర్‌శాస్' డ్రైవర్ పేజీ చూడండి. కొన్ని కార్డులను పాత 'ఎంఎఫ్ఐ' డ్రైవరూ గుర్తిస్తుంది, ఇదీ గుర్తిస్తుంది. మరి కార్డు ఎవరి చేతికి వెళ్తుంది? మామూలుగా పాతదానికే వెళ్తుందని, కొత్తది తన ప్రాధాన్యాన్ని కావాలనే మైనస్ 30కి తగ్గించుకుందని పేజీ అంకెతో సహా చెబుతుంది. మార్చుకోవాలంటే ఏ సెట్టింగ్ పెట్టాలో కూడా అక్కడే ఉంది. డ్రైవర్ మారితే 'ఎంఎఫ్ఐడీ'గా ఉన్న డిస్కు పేరు 'డీఏ' అవుతుంది. డిస్కుల పట్టిక అయిన ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో పాత పేరు అలాగే ఉంటే సర్వర్ బూట్ కాదు. ఈ సంగతి ముందే తెలిసినవాడికి, తెలియనివాడికి మధ్య తేడా ఒక నిద్రలేని రాత్రి.

ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లది ఇంకో ఘనత. మార్కో పీర్‌బూమ్, డేవిడ్ గ్విన్ వంటి వాళ్ల పుణ్యమా అని వేర్వేరు కంపెనీల కార్డులను ఒకే కమాండ్‌తో నడిపే పద్ధతి వచ్చింది. 2005 నవంబరులో వచ్చిన 3.8లో 'బయోసీటీఎల్' ఉంది. అలారం ఆపడానికి ఒక ఆప్షన్, చెడిన డిస్కు దీపం వెలిగించడానికి ఒకటి, రీబిల్డ్‌కి మరొకటి. పేజీ కూడా అంతే పొదుపు.

ఇక కంపెనీల సొంత పనిముట్లు! మెగాసీఎల్ఐ ఆప్షన్లు కంఠతా పట్టే లోపు స్టోర్‌సీఎల్ఐ వచ్చింది. అడాప్టెక్‌కి ఆర్క్‌కాన్ఫ్, హెచ్‌పీకి ఇంకొకటి. ప్రతిదానికీ మళ్లీ ఓనమాలే. అడాప్టెక్ అయితే ప్రోగ్రామింగ్ వివరాలే ఇవ్వలేదు. దాంతో 2005లో ఓపెన్‌బీఎస్‌డీ నాయకుడు థియో డి రాట్ బృందం ఆ కార్డుల 'ఏఏసీ' డ్రైవర్‌ను తమ మామూలు కెర్నెల్ నుంచి తీసిపారేసింది. తప్పొప్పులు తెలియని డ్రైవర్ చేతిలో జనం డేటా పెట్టలేమన్నారు. పంతం అన్నవాళ్లు అన్నారు, కానీ నిజాయితీ అంటే అదే.

లినక్స్‌లో మెగారైడ్ శాస్ డ్రైవర్‌కి ఏం దొరుకుతుంది? పొడవాటి మార్పుల చిట్టా, మాడ్యూల్ పారామీటర్లకు తలా ఒక వరుస. హెచ్‌పీ కార్డుల 'హెచ్‌పీఎస్ఏ'కి మాత్రం నిండైన మాన్ పేజీ ఉంది, ఒప్పుకోవాలి. మిగతా చోట్ల కాపీ కొట్టిన రీడ్‌మీలు, లాగిన్ అడిగే పీడీఎఫ్‌లు. ఇప్పుడు వీటికి తోడు యంత్రం అల్లిన వివరణలు కూడా దిగాయి. లేని ఆప్షన్‌ను ఉన్నట్టు చెప్పే పేజీ కంటే అసలు పేజీ లేకపోవడమే నయం.

డ్రైవర్ కోడ్‌లో ఒక్క సెట్టింగ్ మార్చినా, అదే ప్యాచ్‌లో పేజీ కూడా మారాలి. మారకపోతే సమీక్షించేవాళ్లు ఆ ప్యాచ్‌ను తిప్పిపంపాలి. కంపెనీలు తమ ఇంజినీర్ల పని గంటల్లో ఈ రాతకూ చోటివ్వాలి. పేజీ రాసినవాళ్ల పేరు డ్రైవర్ రాసినవాళ్ల పేరు పక్కనే అచ్చు కావాలి.