పలనాటి రాయి, పాత గోడ

ఈ వారం మా వీధిలో, మంగళగిరి గాలిగోపురం కనిపించేంత దగ్గర్లోనే, ఓ పాత మండువా ఇంటి గోడకు సిమెంటు పూస్తుంటే చూసి ఆగలేకపోయాను. "గానుగ సున్నంతో కట్టిన గోడ మేస్త్రీ, దానికి సున్నమే పూయాలి" అన్నాను. "సిమెంటైతే రేపటికి గట్టిపడుద్దండీ. సున్నం ఆరేదాకా ఎవరు కూర్చుంటారు?" అన్నాడు.

సున్నం మీద నా పక్షపాతం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. పాత ఇటుకలో చేరిన చెమ్మ సున్నపు పూతలోంచి బయటికి పోతుంది. సిమెంటు దాన్ని లోపలే బిగించేస్తుంది. నాలుగు వానాకాలాలు తిరిగేసరికి ఇటుక ఉప్పు పట్టి పెచ్చులూడుతుంది.

మనకు సున్నమిచ్చేది పలనాటి రాయి. భూమ్మీద గవ్వలున్న ప్రాణి ఏదీ పుట్టకముందు, లోతు తక్కువ సముద్రంలో సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకుని రాయైంది. బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి 100 కిలోల మేలైన రాయి 56 కిలోల సున్నమవుతుంది. మిగతా 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఎగిరిపోతుంది. నీళ్లు పోసి, చల్లార్చి, గోడకు పూస్తే ఆ వాయువునే గాలిలోంచి మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయవుతుంది. మేస్త్రికి ఓపిక లేనిది ఇక్కడే.

అంత సన్నటి బురదలోంచి పుట్టింది కనుకే, నలగిరి ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లిన ఘట్టాన్ని అమరావతి శిల్పులు ఈ రాతిలో అంత నాజూగ్గా చెక్కగలిగారు. మరి ఆ శిల్పాలున్న బౌద్ధ స్తూపం, అమరావతి మహాచైత్యం, ఏమైంది? 1807-09లో మన గాలిగోపురం కట్టించిన రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు, అంతకుముందు అమరావతిలో పట్నం కట్టిస్తున్న రోజుల్లోనే రాళ్ల కోసం, దిబ్బగా మిగిలిన ఆ స్తూపాన్ని తవ్వించారు. 1790ల చివర్లో దాన్ని చూసిన సర్వేయరు కాలిన్ మెకంజీ 1816లో తిరిగొచ్చి బొమ్మలు గీయించేనాటికి చాలా రాళ్లు పోయాయి. కొన్ని మెట్లయ్యాయి, కొన్ని గోడల్లోకి చేరాయి. కొన్నిటిని సున్నానికి కాల్చేశారు. మిగిలినవాటిలో ఎక్కువ భాగం చెన్నై, లండన్ మ్యూజియాల్లో ఉంది.

నేను ఇన్నేళ్లుగా వెనకేసుకొస్తున్న సున్నమే ఆ శిల్పాల్ని మింగింది. సిమెంటు కూడా ఆ రాయే, బంకమట్టి కలిపి ఇంకా ఎక్కువ వేడిలో కాల్చిన రాయి. మాచర్ల, జగ్గయ్యపేట వైపు రాయి సిమెంటు ఫ్యాక్టరీలకు చేరకపోతే ఈ జిల్లాల్లో ఇన్ని పక్కా ఇళ్లు లేచేవి కావు. కొత్త గోడకు సిమెంటే సరి. పాత గోడ సంగతి వేరు. మీ ఇంట్లో సున్నపు గోడ ఉంటే, సిమెంటు బస్తా విప్పకముందే గచ్చు పని తెలిసిన పెద్ద మేస్త్రిని పిలిపించి చూపించండి.