నీళ్ళు వదిలే వేళ

జులై నెల, పొద్దున ఏడు గంటలు. అప్పటికే గాలి చెమ్మగా, జిడ్డుగా ఉంది. బుఫోర్డ్ డ్యామ్ కింద చాటహూచీ నదిలో మోకాలి లోతుకు దిగానో లేదో ఎముకలు జివ్వుమన్నాయి. వేసవి నడిమధ్యన, డ్యామ్ దగ్గర ఆ నీళ్ళు పది డిగ్రీల సెల్సియస్‌కి అటూ ఇటూగా ఉంటాయి. వేడిగాలి ఆ చల్లటి నీటిని తాకి నది పొడవునా పొగమంచు లేచింది. పది గజాల అవతల నిలబడ్డ మా బావమరిది నడుము నుంచి పైకి మాత్రమే కనిపిస్తున్నాడు.

అట్లాంటాకి ఉత్తరాన కమింగ్, సువానీ, ఆల్ఫరెట్టా ఊళ్ళలో మనవాళ్ళు ఎందరున్నారో చెప్పక్కర్లేదు. వాళ్ళలో లేక్ లేనియర్‌కి పిక్నిక్ వెళ్ళనివాళ్ళు అరుదు. చాటహూచీ మీద పాట కట్టిన కవి సిడ్నీ లేనియర్ పేరే ఆ జలాశయానికి పెట్టారు. కవి పేరుతో డ్యామ్ నీళ్ళంటే నాకు ముచ్చటేసింది. అయితే ఆ గోడకి ఇవతల, కిందికి దిగే నదిలో ట్రౌట్ చేప ఉంటుందనీ, దాన్ని ఈక ముక్కతో పట్టే విద్య ఒకటుందనీ ఆ పిక్నిక్ జనంలో కొద్దిమందికే తెలుసు.

నిజానికి అక్కడ ట్రౌట్ ఉండకూడదు. దక్షిణాది జార్జియా ఎండకి అది బతికే చేప కాదు. రెయిన్‌బో ట్రౌట్ పుట్టిల్లు పసిఫిక్ తీరం, బ్రౌన్ ట్రౌట్‌ది యూరప్. 1956లో గేట్లు మూసి నీళ్ళు నిలబెట్టాక నది స్వభావమే మారిపోయింది. ఎండాకాలంలో లోతైన జలాశయం రెండు పొరలుగా విడిపోతుంది. పైన తేలికైన వెచ్చటి నీరు, అడుగున బరువైన చల్లటి నీరు. నీటికి నాలుగు డిగ్రీల దగ్గర బరువు ఎక్కువ కాబట్టి చలికాలపు చల్లదనం అడుగునే దాక్కుని ఉండిపోతుంది. టర్బైన్లకి నీళ్ళు పోయే దారి ఆ లోతులోనే ఉంది. అలా ఊరంతా ఉడికిపోతున్నా కింద నదిలో కొండవాగు చలి. పాతకాలపు వెచ్చటి నీటి చేపలకి అది గిట్టలేదు, ట్రౌట్‌కి స్వర్గమైంది. రెయిన్‌బోలని హేచరీలో పెంచి వదులుతారు. బ్రౌన్లు మాత్రం అక్కడే గుడ్లు పెట్టి సొంతంగా సంసారం చేసుకుంటున్నాయి. 2014లో ఈ నదిలో దొరికిన ఒక బ్రౌన్ ట్రౌట్ 20 పౌండ్ల 14 ఔన్సులు తూగింది. అంటే తొమ్మిదిన్నర కిలోలకి కాస్త తక్కువ. జార్జియా రాష్ట్రంలో అది రికార్డు.

ఇలాంటి నదికి బయల్దేరడమంటే చేపని తలుచుకుని బయల్దేరడం కాదు. ముందురోజు రాత్రి అన్నాలయ్యాక మా బావమరిది డైనింగ్ టేబుల్ దగ్గర ఫోన్ తీశాడు. డ్యామ్‌ని నడిపే ఆర్మీ ఇంజినీర్ల విభాగం మర్నాడు ఏ గంట నుంచి ఏ గంట దాకా నీళ్ళు వదులుతుందో ముందే ప్రకటిస్తుంది.

"పదకొండింటికి వదుల్తారట బావా. పదింటికల్లా మనం గట్టు మీద ఉండాలి."

"పదకొండైతే పదకొండు దాకా ఉండొచ్చుగా?"

"వాళ్ళు చెప్పకుండా మార్చుకోవచ్చు. కింద రాసే ఉంది చూడు."

ఎందుకు మారుతుందో ఆలోచిస్తే నవ్వొచ్చింది. ఈ డ్యామ్ కరెంటు ముఖ్యంగా అవసరం ముంచుకొచ్చిన గంటల కోసం. మామూలు వేళ చిన్న టర్బైన్ ఒక్కటే తిరుగుతూ సెకనుకి సుమారు 600 ఘనపుటడుగుల నీరు వదులుతుంది. అప్పుడు నది నడవడానికి వీలుగా, రాళ్ళు తేలి ఉంటుంది. మధ్యాహ్నం ఎండకి ఇళ్ళల్లో ఏసీలు గుర్రుమనగానే పెద్ద టర్బైన్లు తిరుగుతాయి, నది ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. ఎక్కడో ఎవరో రిమోట్ నొక్కితే ఇక్కడ చేప ఆకలి మారుతుందన్నమాట. ఆఫీసులు మూసి ఉండే వారాంతాల్లో నీళ్ళు తక్కువ వదలడం, జనం అప్పుడే ఎగబడటం అందుకే.

ఇంకో లెక్క కూడా ఉంది, కొత్తవాళ్ళు బోల్తా పడేది ఇక్కడే. డ్యామ్ దగ్గర పదకొండింటికి వదిలిన నీరు పది మైళ్ళ కిందికి పదకొండింటికి రాదు. కొన్ని గంటలు పడుతుంది. గేటు కట్టేశాక కూడా అక్కడ అన్ని గంటలూ పొంగు తగ్గదు. కాబట్టి డ్యామ్ గడియారాన్ని చూసి ఊరుకోకుండా మనం నిలబడ్డ రేవు గడియారాన్ని లెక్క కట్టుకోవాలి. దారిలో అక్కడక్కడా నీటిమట్టం కొలిచే గేజ్‌లున్నాయి, వాటి అంకెలు ఫోన్లోనే కనిపిస్తాయి.

నీళ్ళు వదిలే ముందు సైరన్ మోగుతుంది. ఆ సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు బియాస్ నది గుర్తొచ్చింది. 2014 జూన్ 8న హిమాచల్‌లో లార్జీ డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. ఫొటోలు దిగుతూ రాళ్ళ మీద నిలబడ్డ పిల్లలు. బియాస్ కూడా ట్రౌట్ ఉన్న నదే. డ్యామ్ కింది నది ఎంత బుద్ధిగా కనిపించినా దాని ప్రశాంతత అరువు తెచ్చుకున్నదేనని మన తెలుగువాళ్ళకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. చాటహూచీలో డ్యామ్ నుంచి హైవే 20 వంతెన దాకా లైఫ్ జాకెట్ వేసుకుని తీరాలి. చట్టమే అది. దాంతోబాటు చేపల లైసెన్సు, ట్రౌట్‌కి విడిగా మరొకటి.

ఇక ఫ్లై ఫిషింగ్ అనే ఆ విద్య సంగతి. మన గాలానికి బరువు కొసన ఉంటుంది. సీసం ముక్కో, వానపామో, విసిరితే ఆ బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో కొసన ఉండేది దారం చుట్టిన ఈక. దాన్ని విసిరితే మన ముక్కు ముందే రాలుతుంది. అందుకని బరువుని దారంలోనే పెట్టారు. సేమ్యా అంత లావున్న దారం అది. తొమ్మిదడుగుల రాడ్‌ని వెనక్కి ఊపితే దారం గాల్లో వెనక్కి సాగుతుంది. పూర్తిగా సాగేదాకా ఆగి ముందుకి ఊపాలి. ఆ ఆగడమే రాదు. నేను ఆగకుండా ఊపి ఒకసారి నా టోపీనీ, రెండుసార్లు వెనక చెట్టునీ పట్టాను.

దారం కొసన తొమ్మిదడుగుల సన్నటి లీడర్, దాని చివర ఇంకా సన్నటి టిప్పెట్. వీటి మందం చెప్పడానికో చిత్రమైన పద్ధతి ఉంది. పదకొండులోంచి ఎక్స్ ముందున్న అంకె తీసేస్తే అంగుళంలో అన్ని వెయ్యో వంతులు. ఐదు ఎక్స్ అంటే ఆరు వెయ్యో వంతులు. నీళ్ళు తేటగా, తక్కువగా ఉన్నప్పుడు చేప అంతకన్నా లావు దారాన్ని చూసి మొహం తిప్పుకుంటుంది.

ఈక కట్టిన కొక్కెం పురాతనమైనదే. మాసిడోనియాలో కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి చేపలు పట్టేవారని సుమారు 1,800 ఏళ్ళ కిందటే ఈలియన్ అనే రోమన్ రచయిత రాశాడు. మా బావమరిది డబ్బాలో ఉన్నవి చాలావరకు అతను కట్టుకున్నవే. నాకిచ్చింది ఫెజెంట్ టెయిల్. ఇంగ్లండులో ఏవన్ నదిని సాకిన ఫ్రాంక్ సాయర్ దాన్ని నెమలి జాతి పక్షి తోక ఈకతో, సన్నటి రాగి తీగతో కట్టాడు, మామూలు దారం వాడకుండా. రాగి తీగే బరువు, అదే ముడి. నీటి అడుగున పాకే పురుగు పిల్లలా ఉంటుంది. డ్యామ్ కింది నదుల్లో పెద్ద పురుగులు తక్కువ, మిడ్జ్‌లనే దోమలాంటివి ఎక్కువ. అందుకే బియ్యపు గింజకన్నా చిన్న కొక్కేలు కూడా ఆ డబ్బాలో ఉన్నాయి. వాటికి దారం ఎక్కించడానికి నా కళ్ళద్దాలు చాల్లేదు.

విసరడం వచ్చినంత మాత్రాన చేప రాదు. ఈక నీటితో పాటే, ప్రవాహం ఎంత వేగంగా పోతే అంతే వేగంగా కొట్టుకుపోవాలి. నదిలో ఒకే వేగం ఉండదు. మధ్యలో ఉరుకు, ఒడ్డున నింపాది. ఉరికే నీళ్ళు దారాన్ని విల్లులా వంచి ఈకని ఈడుస్తాయి. ఈడ్చిన ఈకని ట్రౌట్ ముట్టదు, పురుగు అలా ఈదదని దానికి తెలుసు. అందుకని దారం నీటి మీద పడగానే మణికట్టుతో ఆ వంపుని పైకి, ప్రవాహానికి ఎదురుగా తిప్పి పడేయాలి. దీన్నే మెండింగ్ అంటారు. నాకైతే మొత్తం విద్యలో ఇదే అసలు పని అనిపించింది. గాల్లో దారం తిప్పడం చూడముచ్చటే, ఫొటోకి బావుంటుంది. చేపని తెచ్చేది మాత్రం ఈ చిన్న సర్దుబాటే.

తొమ్మిదిన్నరకి నా దారానికి కట్టిన బెండు ఒక్క క్షణం తటపటాయించింది. మునగలేదు, ఆగినట్టయిందంతే. "ఎత్తు బావా!" అని అరిచాడతను. ఎత్తాను. జానెడు బ్రౌన్ ట్రౌట్, వెన్ను మీద నల్లచుక్కలు, పక్కన ఎర్రచుక్కల చుట్టూ నీలి వలయాలు. అతను ముందు చెయ్యి తడుపుకుని, చేపని నీళ్ళలోనే ఉంచి, ముల్లు నొక్కేసిన కొక్కేన్ని ఒక్క తిప్పుతో ఊడదీశాడు. పొడి చేత్తో పట్టుకుంటే ఒంటిమీది జిగురు పోయి జబ్బు పడుతుందట.

ఆ రాత్రి ఫోన్‌లో మా అక్కయ్య అడిగింది, "పులుసు పెట్టుకోనప్పుడు దాని నోట్లో ముల్లెందుకురా గుచ్చడం?" ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. రోజుకి ఎనిమిది దాకా తెచ్చుకోవచ్చని చట్టం. తినడానికి పట్టేవాడిని నేను తప్పుపట్టను. హేచరీ రెయిన్‌బోని వండుకోవడమే నిజాయితీ అని కూడా అనిపిస్తుంది. కానీ నదిలోనే పుట్టి పెరిగిన బ్రౌన్‌ని వదిలేస్తేనే మరో పొద్దుకి అది ఉంటుంది.

పదింటికి గట్టెక్కాం. కాళ్ళకి తిమ్మిరి పోలేదు. ఫ్లాస్కులో కాఫీ తాగుతుండగా సైరన్ మోగింది. కాసేపటికి పొద్దుటి నుంచీ నేను ఆనుకుని నిలబడ్డ రాయి చుట్టూ నీళ్ళు సుడి తిరిగాయి. కాఫీ అయిపోయేసరికి రాయి లేదు. బావమరిది ఫోన్ చూసుకుని కప్పు దులిపాడు.

"కింద జోన్స్ బ్రిడ్జి రేవుకి ఈ నీళ్ళు చేరడానికి ఇంకా చాలా టైముంది. పద బావా, మనం ముందు పోదాం."