తోటరాముని సాహసము, ఘటోత్కచుని మాట

సినిమాలను గూర్చిన వ్యాసమునకు సంఘ సంచికలో చోటుండవలెనా అని శంకించు పెద్దలు మనలో కొందరుందురు. ప్రబంధములను, శాసనములను, పదకర్తలను గూర్చి వ్రాయదగిన పుటలలో కత్తియుద్ధములు, మాంత్రికుల గుహలు ఎందులకని వారి ప్రశ్న. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని బెంగుళూరులో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో నేడు ప్రబంధము విప్పి చదువువారెందరు? మన పిల్లలు బడిలో కన్నడము, ఇంగ్లీషు నేర్తురు. వీధిలో మరి రెండు భాషలు పట్టుకొందురు. ఇంట తెలుగు మాటాడుదురే కాని తెలుగు అక్షరములను గుర్తింపలేనివారు పలువురు. అట్టి ఇంటిలోనికి మంచి తెలుగు ప్రవేశింపగల ద్వారము చెవి ఒక్కటే. కావున చెవికి చేరు వస్తువును పరీక్షించుట సంఘము చేయదగిన పనియేయని మేము తలంచుచున్నాము.

ఇటీవల ఒక సెలవు దినమున మా ఇంట రెండు పాత చిత్రములను ఒకదాని వెంట నొకటి చూచితిమి. పిల్లల కోరికపై చూచినది 1941లో అమెరికాలో రిపబ్లిక్ సంస్థ నిర్మించిన 12 భాగముల సీరియల్ 'అడ్వెంచర్స్ ఆఫ్ కాప్టెన్ మార్వెల్' లోని మొదటి భాగములు. పెద్దల కోరికపై చూచినది 1951లో విజయా సంస్థ వెలువరించిన 'పాతాళ భైరవి'. మరునాడు ఉదయము మా మనుమడు తన చెల్లెలిని 'డింభకా' అని పిలుచుచు ఇల్లంతయు తిరిగెను. "అంటే ఏమిటి తాతయ్యా?" అని తరువాత అడిగెను. మాట ముందు నాలుకకెక్కినది, అర్థము వెనుక వచ్చినది. మొదటి చిత్రములోని మాట ఏదియు వాని నోట నిలువలేదు, 'షజామ్' అను ఒక్క మంత్రము తప్ప. ఈ వ్యత్యాసము మమ్ములను ఆలోచింపజేసినది.

ముందుగా ఆ పాశ్చాత్య సీరియళ్ళ పద్ధతిని చెప్పుకొనవలెను. వారమునకొక భాగము చొప్పున ప్రదర్శించుటకు అవి పుట్టినవి. 1936 నాటి 'ఫ్లాష్ గార్డన్' 13 భాగములు, 1943 నాటి 'బాట్‌మన్', 1948 నాటి 'సూపర్‌మన్' తలా 15 భాగములు. ప్రతి భాగాంతమున నాయకుడు కొండకొమ్ము నుండి జారిపోవుచునో, మంటలలో చిక్కుకొనియో ఉండును. ప్రేక్షకుడు వారము దినములు ఉగ్గబట్టుకొని మరల వచ్చును. వచ్చి చూడగా, నాయకుడు ప్రమాదమునకు ఒక క్షణము ముందే దూకివేసెనని తేలును. గతవారము మనకు చూపినది సగమే. ఇది కథనమున ఒక చిన్న మోసము. బాలురు దానిని ఎరిగియే క్షమించిరి, ఏలయన వారికి కావలసినది 'తరువాత ఏమాయెను' అను వేగము.

అందు పనితనము లేదని మా అభిప్రాయము కాదు. 'కాప్టెన్ మార్వెల్'లో లైడెకర్ సోదరులు మనిషి ప్రమాణమును మించిన బొమ్మను తీగలపై జార్చి, వీరుడు ఆకాశమున ఎగిరినట్లే నమ్మించిరి. ఏడేండ్ల తరువాత వచ్చిన 'సూపర్‌మన్'లో నాయకుడు ఎగురునప్పుడెల్ల గీతలతో గీసిన బొమ్మయై పోవును. చూచుచున్న పిల్లవాడు సైతము నవ్వును. కనికట్టు విషయమున పాతది కొత్తదానిని గెలిచినది. యంత్రము ముందుకు పోయినంత మాత్రమున కళ ముందుకు పోదను సత్యమునకు ఇది తార్కాణము.

తెలుగువారికి ఈ 'తరువాత ఏమాయెను' కొత్తది కాదు. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు' 12 భాగములును ఈ సూత్రముపైననే నడచినవి. కాశికి పోవు యతి వెంట గొల్లపిల్లవాడొకడు నడచును. మజిలీ మజిలీకి వాడొక వింతను చూచి ప్రశ్నించును, యతి కథ చెప్పును. కథ ఆగినచో పిల్లవాడి నడక ఆగును. తెరపై కాకపోయినను, ఈ పద్ధతి మన ఇండ్లకు మరల వచ్చినది 1947లో ఆరంభమైన 'చందమామ' పత్రిక ద్వారమున. దాసరి సుబ్రహ్మణ్యము వ్రాసిన 'తోకచుక్క', 'కంచుకోట', 'రాకాసిలోయ' వంటి ధారావాహికలకై మన ఇండ్ల పిల్లలు నెల నెల కాచుకొనిరి. ఆ పత్రికను నడపిన నాగిరెడ్డి, చక్రపాణులే విజయా సంస్థను నడపిరి. పత్రికయందు చదివించిన కథారుచిని తెరపై చూపించినదియు వారే.

ఇక 'పాతాళ భైరవి' సంగతి. కె. వి. రెడ్డి దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత, మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రాహకుడు. మాధవపెద్ది గోఖలే, కళాధర్ కళాదర్శకులు, ఘంటసాల సంగీతదర్శకుడు. 1952లో మన దేశమున జరిగిన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ఈ చిత్రము ప్రదర్శింపబడినది. కథ తెలిసినదే. ఉజ్జయినిలో తోటమాలి కొడుకు రాముడు రాకుమారిని వలచును. ఐశ్వర్యము సంపాదించి రమ్మని రాజు అనును. సాహసవంతుడైన యువకుని భైరవికి బలియీయ దలచిన నేపాళ మాంత్రికుడు వానిని వెంటబెట్టుకొని పోవును.

కాప్టెన్ మార్వెల్ కథలో బిల్లీ అను బాలుడు సమాధిలో వృద్ధమాంత్రికుని కలిసికొనును. మాట ఒకటి, బలమొకటి దానముగా దొరకును. మాట పలికినంతనే పొగ లేచును, వీరుడు నిలుచును. కథాంతమున పని తీరగానే ఆ బలము వానినుండి తీసికొనబడును. అది మెచ్చదగిన ముగింపేయని అంగీకరింపవలెను. కాని తోటరాముని త్రోవ వేరు. వానికి మాంత్రికుడు ఇచ్చినది బలము కాదు, చావు. శాపవిమోచనము పొందిన అప్సరస వలన కుట్ర నెరిగి, తానే ముందు కత్తి ఎత్తి ప్రతిమను సంపాదించును. మేడ వచ్చినది, రాకుమారి దక్కనున్నది. అంతలో ప్రతిమ దొంగిలింపబడి, మేడయు రాకుమారియు మాయమగుదురు. ఇక్కడనే ఈ చిత్రము పెద్దదైనది. చేతిలోని శక్తి పోయిన పిమ్మట రాముడు మరల తోటమాలి కొడుకే. మిత్రుడు అంజితో కూడి బుద్ధిబలముతోనే మాంత్రికుని గెలువవలసి వచ్చును. వాని గడ్డముననే శక్తి ఉన్నదని తెలిసి, శిష్యుని వేషమున దానిని గొరిగించివేయు ఘట్టమున చిన్నలు నవ్వుదురు. పెద్దలు లోలోపల తల ఊపుదురు. మహిమను మహిమతో కాక నేర్పుతో ఓడించుట మన జానపద కథల ప్రాణము.

ఆ మాంత్రికుని పాత్రలో ఎస్. వి. రంగారావు వాక్కును గమనింపుడు. సంస్కృతపదమొకటి, వెంటనే నాటు తెలుగు ఒకటి, నడుమ నొక విరామము. భయమును హాస్యమును ఒకే ఊపిరిలో పలికించుట ఆయనకు సాధ్యమైనది. మాంత్రికుని మాటతీరే మన మనుమని నాలుకపై నిలిచినది గాని, రాముని కత్తి కాదు.

ఈ మాట మహిమ పరాకాష్ఠ నందినది 1957 నాటి 'మాయాబజార్'లో. దర్శకుడు, రచయిత, ఛాయాగ్రాహకుడు ఆ మువ్వురే. అందు చినమయ శిష్యులు 'అస్మదీయులు' అనలేక 'అసమదీయులు' అందురు. దానికి జోడుగా 'తసమదీయులు' అని లేని మాటను కల్పింతురు. పండితుడు తప్పుపట్టదగిన ఆ చోట ఘటోత్కచుడు మెచ్చి వీరతాడు వేయించును. ఎవరో ఒకరు పుట్టింపనిదే మాటలు పుట్టవు గదా అని ఆయన వాదము. నవ్వించుటకు వ్రాసిన ఈ చిన్న సన్నివేశమున భాషాశాస్త్రమంత నిజమున్నది. భాష తప్పు చేయుటకు జంకని నోళ్ళలోనే బ్రతుకును. మన పిల్లల తెలుగులో కన్నడపు పోకడ వినబడగానే ముఖము చిట్లించు మనము, ఈ రాక్షసరాజు ఔదార్యమును కొంత నేర్చుకొనవలసి ఉన్నది.

కనికట్టు మాటకు వత్తము. లడ్డూలు వానంతట అవి ఘటోత్కచుని నోట బడుట, కంబళి గింబళి కదలుట నేటికిని ముచ్చటగొల్పును. కాని ఆ చిత్రమున అన్నింటికంటె గొప్ప మాయకు యంత్రమే అక్కరలేకపోయినది. బిల్లీ వీరుడైనప్పుడు పొగ చాటున నటుడు మారును. ఘటోత్కచుడు శశిరేఖయైనప్పుడు సావిత్రి సావిత్రిగనే ఉండి, తన నడకలో, భుజమెగురవేతలో, చూపులో రంగారావును పలికించినది. పెండ్లిపీటలపై లక్ష్మణకుమారుని కాలు తొక్కునప్పుడు ఆ సుకుమారి దేహమున రాక్షసుని బరువు మనకు తోచును. ఇంతటి రూపాంతరము మేమెరిగిన ఏ వీరగాథా సీరియల్‌లోను లేదు.

గుణములు చెప్పి దోషములు దాచుట విమర్శ కాదు. ఈ చిత్రములు మూడు గంటలకు పైబడినవి. హాస్యోపకథలు పలుచోట్ల సాగదీయబడినవి. అంతకు మించిన లోపము నాయికల విషయమున ఉన్నది. 1935లోనే బొంబాయిలో వాడియా మూవీటోన్ వారి 'హంటర్‌వాలీ'లో నాడియా కొరడా పట్టి దుష్టులను శిక్షించినది. పదహారేండ్ల తరువాత మన ఇందుమతి ఎత్తుకొనిపోబడుట, కన్నీరు గార్చుట, రక్షింపబడుట తప్ప చేయునది స్వల్పము. శశిరేఖ ఎదిరించినదన్నను, ఎదిరించినవాడు లోపలనున్న ఘటోత్కచుడే. మా మనుమరాలు "అమ్మాయి ఎందుకు కొట్టదు?" అని అడిగినప్పుడు మేము చెప్పదగిన సమాధానము లేకపోయినది.

ఈ జానపదధారను తరువాత ఎక్కువ కాలము నడపినవాడు కన్నడిగుడగుట మనకు ఇష్టమైన విశేషము. ఉడుపి ప్రాంతమున 1920లో జన్మించిన బి. విఠలాచార్య కన్నడ చిత్రములతో ఆరంభించి, 'బందిపోటు' (1963) మొదలు 'జగన్మోహిని' (1978) వరకు తెలుగువారి ఊహను ఏలెను. దయ్యము తన కాళ్ళనే పొయ్యిలో కట్టెలుగా పెట్టి వంటచేయు దృశ్యమును తలచుకొని నేటికిని నవ్వువారున్నారు. వాక్కు విషయమున ఆయన చిత్రములు పింగళివారి సరసకు రాలేవు. కాని తక్కువ ధనముతో ఎక్కువ వింత చూపుటలో ఆయనకు సాటి లేరు. ఇచ్చిపుచ్చుకొనుట ఒకవైపుననే జరుగలేదు. కె. వి. రెడ్డి నిర్మాణమున రాజకుమార్ నటించిన కన్నడ 'సత్య హరిశ్చంద్ర' 1965లో వచ్చినది. రెండు భాషలను ఒకే ఇంట వాడుకొను మనకు ఇది వింతగా తోచదు.

వీరుడు క్రమముగా మారినాడు. తోటరాముడైన నందమూరి తారకరామారావే 1980లో 'సూపర్‌మేన్' అను తెలుగు చిత్రమున ఆంజనేయుని అనుగ్రహముతో శక్తి పొందిన వీరుడుగా కనబడెను. అందు పేరు అరువు, వేషము అరువు. దేవుడొక్కడే మనవాడు. 2024లో ప్రశాంత్ వర్మ 'హనుమాన్'లో పల్లెటూరి యువకుడు ఒక మణి వలన బలము పొందును. ఇందు పల్లె మనది, నుడికారము కొంత మనది. దుస్తు తొడిగినంతనే వీరుడగుదునని తలచిన ప్రతినాయకుని ఎగతాళి చేయుట బాగున్నది. అయినను బలము దొరికినదే కాని సంపాదించినది కాదు. ఈ విషయమున 1951 నాటి తోటమాలి కొడుకు ఇంకను ముందున్నాడు.

నేడు ఈ చిత్రములను చూచు తీరు మారినది. మెజెస్టిక్ అనునది ఒక సినిమాహాలు పేరను సంగతి అక్కడ బస్సెక్కు పిల్లలకు తెలియదు. కపాలి లేదు, మహాత్మాగాంధీ రోడ్డుపై ప్లాజా లేదు. 'సత్య హరిశ్చంద్ర'కు 2008లోను, 'మాయాబజార్'కు 2010లోను రంగులు వేసిరి. కొత్తవారిని రప్పించుటకు అది ఉపకరించియుండును. కాని బార్ట్‌లే వెన్నెలను నలుపు తెలుపుల నడుమనే నిర్మించెను. దానికి రంగు పూయుట ముగ్గుపై ముగ్గు వేయుట వంటిది. అంతకంటె మేము భయపడునది తెర క్రింద నడచు ఇంగ్లీషు అక్షరములకు. పిల్లల కన్ను అక్షరముపై నిలిచినచో చెవి మూతబడును. 'డింభకుడు' అచట కేవలము బాలుడై పోవును. 'తసమదీయులు' అసలే మాయమగును.

కనుక మాదొక విన్నపము. సంఘము ఏడాదికొకసారియైన ఈ చిత్రములలో నొకదానిని, ఇంగ్లీషు అక్షరములు లేకుండ, పిల్లలను ముందు వరుసలలో కూర్చుండబెట్టి ప్రదర్శింపవలెను. నడుమ విరామమున పెద్దలొకరు కొత్త మాటలకు అర్థము చెప్పవలెను. ఇండ్లలో మనమును అట్లే చేయుదము. చిత్రము నిలిపి పిల్లవాడు ప్రశ్నించినచో విసుగుకొనక బదులు చెప్పుదము. వాడు తప్పుగా నొక తెలుగు మాటను కల్పించి పలికినచో, దిద్దుటకు ముందు ఒక్క క్షణము ఘటోత్కచుని తలచుకొందము.