ఆధారపరీక్ష: శబ్దచింతామణికథ

తర్కసంగ్రహమును జదివిన విద్యార్థి శబ్దప్రమాణమునకు లక్షణ మడిగినఁ దడఁబడక చెప్పును. ఆప్తుని వాక్యము ప్రమాణమనియు, యథార్థమును బలుకువాఁ డాప్తుఁడనియు వాని కెఱుకయే. ఆ విద్యార్థియే కవిచరిత్రమును వ్రాయఁబూనినపుడు నన్నయభట్టు ఆంధ్రశబ్దచింతామణిని రచించెనని వ్రాసి, ప్రమాణముగా మూఁడు గ్రంథముల పేళ్ల నుదాహరించును. ఆ మూఁటికిని మూలమైన మాట యెవనిదో యరయఁడు. ఈ లోపము విద్యార్థిది కాదు. లక్షణమును నేర్పి లక్ష్యమునందుఁ బరీక్షింప నేర్పని బోధనపద్ధతిది.

అట్టి పరీక్షకు శబ్దచింతామణికథ మిక్కిలి తగినది. ఆ గ్రంథము తెలుఁగుభాషకు సంస్కృతమున, ఆర్యావృత్తములలో, అయిదు పరిచ్ఛేదములుగా రచింపఁబడిన వ్యాకరణము. 1656వ సంవత్సరప్రాంతమునఁ గాకునూరి అప్పకవి తన లక్షణగ్రంథమున దాని చరిత్రమునిట్లు చెప్పెను. తన రాఘవపాండవీయమును నన్నయ యడఁచెనను కినుకతో భీమకవి చింతామణిని గోదావరిపాలు చేసెను. రాజరాజనరేంద్రుని కుమారుఁడగు సారంగధరుఁడు బాల్యముననే దానిఁ గంఠస్థము చేసి, పిదప సిద్ధుఁడై, మతంగపర్వతమున బాలసరస్వతి కొసఁగెను. తుదకు విష్ణువు స్వప్నమునఁ గానవచ్చి చెప్పినట్లే యొక బ్రాహ్మణుఁడు వచ్చి దాని నప్పకవి కిచ్చెను.

ఇందు మొదటి ప్రశ్న: చెప్పువాఁడు చూచినవాఁడా? నారాయణభట్టునకు రాజరాజొసఁగిన దానమును దెలుపుచు నన్నయభట్టు కూర్చిన నందంపూడిశాసనము 1053వ సంవత్సరమునాఁటిది. అప్పకవి యంతకు 600 ఏండ్లకుఁ బిదపటివాఁడు.

రెండవ ప్రశ్న: నడుమ సాక్షు లెవ్వరు? 13వ శతాబ్దివాఁడగు కేతన యాంధ్రభాషాభూషణమునఁ దనకు ముందు తెలుఁగునకు లక్షణ మెవ్వరును జెప్పలేదనెను. ఈ మాటను గూడఁ బరీక్షింపక గ్రహింపరాదు. క్రొత్తత్రోవ త్రొక్కుచున్నామని చెప్పుకొనుట గ్రంథకర్తలకు సహజము. తెలుఁగున రచితమైన లక్షణము లేదనుటయే యాతని భావమనియు వాదింపవచ్చును. అయినను తిక్కన సమకాలికుఁడును, ఆయనకు దశకుమారచరిత్రము నంకితమిచ్చినవాఁడును నగు లాక్షణికుఁడు నన్నయవ్యాకరణమును బేర్కొనకుండుట యుపేక్షింపఁదగినది కాదు.

మూఁడవ ప్రశ్న సూక్ష్మమైనది: సాక్ష్యము లేకపోవుటకుఁ గథయే కారణమును గూర్చుకొనుచున్నదా? గ్రంథము నదిలోఁ గలిసెను గనుక నెవ్వరు నెఱుఁగరు. సిద్ధుని నోట నిలిచెను గనుక మరల లభించెను. ప్రతి యాక్షేపమునకును సమాధానమును ముందే చేర్చుకొన్న కథను నిజమని నిరూపించుటయుఁ గాదు, కల్లయని నిరూపించుటయుఁ గాదు. అట్టిదానిపైఁ జరిత్రమును గట్టరాదు.

నాలవది లెక్కకు సంబంధించినది. అప్పకవిఁ జూచి యొకఁడును, వానిఁ జూచి వేఱొకఁడును వ్రాసిన పది గ్రంథములు పదిమంది సాక్షులు గారు; సాక్షి యొక్కఁడే. ఆ మాట నేఁ డంతర్జాలమున వేయితావులఁ గానవచ్చినను లెక్క మాఱదు. బాలసరస్వతిటీక యప్పకవికిఁ బూర్వమే యైనను, అదియు నన్నయకు శతాబ్దులకుఁ బిదపటిదే.

ఇంతమాత్రముచే నప్పకవిని ద్రోసిపుచ్చుట రెండవ ప్రమాదము. యతిప్రాసల విషయమున 17వ శతాబ్ది పండితుల యభిప్రాయమేమో తెలియుట కాతఁడు గొప్ప సాక్షి. ఆ స్వప్నకథయుఁ దన కాలమునకు సాక్ష్యమే. వ్యాకరణమునకు గౌరవము గలుగుటకై దాని నాదికవితో ముడివెట్టవలెనను కోరిక యప్పటి పండితులలోనుండెనని యది తెలుపుచున్నది. మఱియు శిలాతామ్రములు గూడ సర్వవిషయముల సత్యము పలుకునవి కావు. రాజరాజు కాలపుఁ దామ్రశాసనములు దాతకును, ప్రతిగ్రహీతకును, గ్రామమునకును దృఢమైన సాక్ష్యములు. చంద్రుఁడు మొదలుకొని యయోధ్యాధిపతుల మీఁదుగా నవి చెప్పు వంశావళి యట్టిది కాదు. కావున నెవఁ డాప్తుఁడను ప్రశ్న చాలదు. ఏ విషయమున నాప్తుఁడని యడుగవలెను.

పాఠశాలలో దీనిని నేర్పుటకుఁ బెద్ద గ్రంథాలయము వలదు. అప్పకవి పీఠికయు, కేతన యవతారికయు, నందంపూడిశాసనపాఠమును విద్యార్థులముందుంచి, ప్రతి వాక్యముప్రక్కను జెప్పినవాఁ డెవఁడు, ఎప్పటివాఁడు, ఎట్లెఱిఁగెనను మూఁడు మాటలను వ్రాయింపవలెను. ఆధారములు చాలనిచోట "నిర్ణయింపఁజాలము" అని వ్రాసినవానికిఁ బూర్ణాంకముల నీయవలెను. ముద్రితమయ్యెను గనుక నిజమనువాఁడును, గురువు చెప్పెను గనుక కల్ల యనువాఁడును నొక్కతెగవారే; ఇరువురును బరీక్షింపలేదు. కథను ఖండించి చూపినంతమాత్రమున గురువు పని తీఱదు. ఖండించిన గురువు మాటను సయితము విద్యార్థి తూఁచి చూడఁగలిగిననాఁడే యా బోధనము ఫలించినట్లు.